మా నాయిన పడుకున్న స్ట్రెచర్

నాకు టైమ్ చూసే రోగం ఉంది. బాలానగర్‌లో చిన్న లేత్ షాపు నాది, ఇనుప సామాన్లను కొలతకు కోసి, నున్నగా చేసిచ్చే పని. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్, ఒక పాత సర్ఫేస్ గ్రైండర్. జాబ్ చక్‌లో కట్టిన నిమిషం, విప్పిన నిమిషం రాసుకుంటేనే రేటు చెప్పగలం, రేటు చెప్పగలిగితేనే ఇల్లు నడుస్తుంది. అందుకే ఆ రాత్రి గురించి ఇంట్లోవాళ్లు “గంటల తరబడి” అంటుంటారు గాని, నా దగ్గర మాత్రం నిమిషాలున్నాయి. షాపు డైరీలో, ఒక బుష్ ఆర్డర్ కొలతల కింద రాసుకున్నాను.

7:12. నాయిన చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది.

కింద పడ్డ గ్లాసును తీద్దామని ఎడమ చెయ్యి చాచాడు. నాయిన సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఫిట్టర్‌గా చేసిన మనిషి, డెబ్బై మూడేళ్లొచ్చినా స్పానర్ పడితే కుడిచేతి పట్టు పట్టే. ఆ చెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది, ఎవరిదో చెయ్యి తెచ్చి అక్కడ పెట్టినట్టు. “ఏమైందే నాయినా?” అన్నాను. “ఏం గాలె” అన్నాడు. మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకు పోయింది.

మాది జగద్గిరిగుట్ట. కంపెనీ మూతపడ్డప్పుడు వచ్చిన పైసలతో నాయిన ఇక్కడ అరవై గజాలు కొన్నాడు. లాస్ట్ బస్టాప్ నుంచి మా ఇంటికి ఎక్కుడే ఎక్కుడు. అప్పటికి వినాయక చవితి అయి నాలుగో రోజు. మా సందు మొదట్లో పిల్లలు మండపం వేశారు, వెదురు గుంజలు సగం రోడ్డు మీదున్నాయి. ఆటో పట్టాలంటే అద్దాలు మడవాలి. పెద్ద బండి రావడమన్నది లేదు.

పక్కింటోళ్లు వచ్చారు. ఒకామె నీళ్లు తాగించబోయింది, మా ఆమె ఆపింది. సగం మూతి పడిపోయినవాళ్లకు నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఎక్కడో విన్నదట. ఆ ఒక్క పని వల్ల మేము ఎంత ప్రమాదం తప్పించుకున్నామో తర్వాత డాక్టర్ చెప్పింది. ఇంకొకాయన పావురం రక్తం రాయిద్దామన్నాడు, గండిమైసమ్మ దిక్కు ఎవరో ఉన్నారట. ఆయన మీద నాకు కోపం లేదు. మా చిన్నప్పుడు పక్షవాతం అంటే అదే వైద్యం, ఇంకో వైద్యం మా దాకా వచ్చిందే లేదు.

7:15కు ఫోన్ చేశాను. ఏ నంబరుకు చేశానో, ఏ ఆసుపత్రికి పోయామో ఇందులో రాయను. ఆ రాత్రి నేను చూసిన మనుషుల్లో పని ఎగ్గొట్టినవాడు ఒక్కడూ లేడు. పేర్లు రాస్తే తిట్లన్నీ వాళ్లకు పోతాయి.

రెండో రింగుకే ఎత్తారు. ఆడపిల్ల గొంతు. ఎవరు, ఎంత వయసు, తెలివిలో ఉన్నాడా, ఎన్ని గంటలకు మొదలైంది. అడ్రస్ చెబితే “గుట్ట మీదనా, కిందనా సార్?” అన్నది. అప్పుడు ధైర్యమొచ్చింది, మా ఏరియా తెలిసిన మనిషి అని. “దగ్గర బండి కేసుల ఉన్నది సార్, ఇంకో బండిని పంపిస్తున్న. ఫోన్ పెట్టుకోండ్రి, పైలట్ మీకు కాల్ చేస్తడు.”

అంబులెన్స్ డ్రైవర్‌ను పైలట్ అనడం మనకిప్పుడు అలవాటే. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది మన హైదరాబాద్‌లోనే, తర్వాత ఎన్నో రాష్ట్రాలు ఇక్కణ్నుంచే నేర్చుకున్నాయి. అంతకుముందు సంగతి నాకు గుర్తుంది. మా చిన్నాయనకు గుండెనొప్పి వస్తే ఇనుప రాడ్లు దింపి, అదే ట్రాలీ ఆటోలో, గోనెసంచి మీద పడుకోబెట్టి తీసుకుపోయాం. దారిలోనే పోయాడు. అట్లాంటి రోజుల నుంచి ఒక్క రూపాయి లేకుండా ఆక్సిజన్, మందు, మనిషితో బండి ఇంటి ముందుకు వచ్చే రోజుల దాకా వచ్చాం. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆ ట్రాలీ ఆటో ఎక్కలేదు.

కానీ ఆ సాయంత్రం బండి రాలేదు. 7:31కు పైలట్ ఫోన్ చేశాడు, సూరారం దిక్కు నుంచి వస్తున్నా అన్నాడు. 7:44కు నేను చేశాను, షాపూర్‌నగర్‌లో ఆగిపోయినం అన్నాడు, ఎవరిదో గణపతి లారీ రోడ్డుకు అడ్డంగా తిప్పుతున్నారట.

“ఆటోల వేసుకపోదాం పా” అని మా బస్తీలో అందరూ ఒత్తిడి. ఆ అరగంటలో నాకు తెగని లెక్క అదే. ఆటోలో వేస్తే మెడ ఆపేదెవరు? వాంతి అయితే? సగం దారిలో ఉండగా బండి ఇంటికొస్తే? ఆటోలో పోయినవాణ్ని గేటు దగ్గర ఎవరు పట్టించుకుంటారు? ఒక ప్రైవేటు అంబులెన్స్ నంబరు ఎవరో ఇచ్చారు. ఆయన మియాపూర్‌లో ఉన్నాడట, ముందు ఫోన్‌పే చేయమన్నాడు. ఇంకో పది నిమిషాలు చూద్దాం, ఇంకో పది. అట్లా పదులు పేర్చుకుంటూ కూర్చున్నా. ఇప్పుడడిగితే ఆటోలో పోవాల్సిందంటాను. ఆ రోజు అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు.

7:50కి మా ఆమె అన్నది, “బండి ఎట్ల పైకి రాదు గదా. మనమే కిందికి తీసుకపోతే ఆ టైమన్న మిగుల్తది.” ఆ ముక్క నాకెందుకు తట్టలేదు? రోజూ పొద్దుగూకులు సెటప్ టైమ్ ఎట్లా మిగల్చాలా అని బుర్ర గోక్కునేవాణ్ని. నాయినను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చున్నీతో నడుముకు కట్టి, నలుగురం ఎత్తాం. మండపం పిల్లలు మమ్మల్ని చూసి డీజే ఆపేశారు. ఇద్దరు గుంజలు పీకి పక్కకు పెట్టారు, ఇద్దరు మా చేతుల్లోంచి కుర్చీ అందుకున్నారు. రోజూ రాత్రి పదకొండు దాకా చెవులు పగలగొట్టే పిల్లలే. దిగుడులో కుర్చీ ముందుకు వంగకుండా, వెనక్కి నడుస్తూ దించారు.

8:01. బండి వచ్చింది. నలభై ఆరు నిమిషాలు.

బండిలో రోగిని చూసుకునే ఈఎంటీ తమ్ముడికి పాతికేళ్లుంటాయి. వేలికి సూది పొడిచి ముందు షుగర్ చూశాడు, షుగర్ పడిపోయినా మూతి వంకర పోతదట కొందరికి. బీపీ 190 మీద ఉంది. “చివరిసారి మంచిగున్నది ఎన్ని గంటలకు చూసిండ్రు?” అన్నాడు. 7:12 అన్నాను. “ఏడు, ఏడున్నర అట్లనా?” “కాదు తమ్మీ, 7:12. చాయ్ ఇచ్చి గడియారం చూసిన, వార్తలు పెడదామని.” ఆ అంకెను చేతి గ్లౌజు మీద పెన్నుతో రాసుకున్నాడు.

ఎందుకో బండిలో చెప్పాడు. రక్తం గడ్డ కట్టి మెదడుకు రక్తం ఆగితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, నాలుగున్నర గంటల్లోపు పడాలి. లెక్క మొదలయ్యేది ఇంటివాళ్లు చూసుకున్నప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి. నిద్రలో వచ్చి పొద్దున చూసుకుంటే రాత్రి పడుకున్న టైమే లెక్క. మెదడులో రక్తం కారుతుంటే అదే ఇంజెక్షన్ విషం, అందుకే ముందు స్కాన్ తప్పదు. నేను మనసులో కూడుకున్నా. 11:42.

బాలానగర్ ఫ్లైఓవర్ 2021లో రాకపోయి ఉంటే నర్సాపూర్ క్రాస్ రోడ్‌లోనే ఆ టైమ్ సగం కరిగేది. దారి ఇవ్వనివాళ్లు తక్కువే, నిజం చెప్పాలి. దారి ఇచ్చిన వెంటనే మా వెనక తోక పట్టుకొని దూసుకొచ్చిన బైకులు మాత్రం పది దాకా లెక్కపెట్టాను. అంబులెన్స్‌కు అడ్డం పడితే పదివేల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 2019 నుంచి ఉంది. తోక పట్టుకున్నోళ్లకు ఎంత వేయాలో కూడా రాస్తే బాగుండు.

8:46కు క్యాజువాలిటీ ముందర ఆగాం.

అప్పుడు చూశాను. పోర్టికో కింద మాకంటే ముందు అయిదు బండ్లు. అన్నిటి వెనక తలుపులు తెరిచే ఉన్నాయి, నీలం ఎరుపు లైట్లు గోడ మీద తిరుగుతున్నాయి, ఒక్కటీ కదలట్లేదు. ఒక దాంట్లో కాలికి కర్ర కట్టిన కుర్రాడు. ఒక దాంట్లో ముసలామె, మనవరాలు కొంగుతో విసురుతోంది. పైలట్లు బయట నిలబడి చాయ్ తాగుతున్నారు. ముందు నాకు ఒళ్లు మండింది, వీళ్లు ఇక్కడ చాయ్ తాగుతుంటేనా నేను గుట్ట మీద నలభై ఆరు నిమిషాలు కూర్చున్నది అని.

ఈఎంటీ లోపలికి పోయి వచ్చాడు. “స్ట్రెచర్ ఇస్తలేరన్నా. లోపల బెడ్డు లేదు, ట్రాలీ లేదు. మన స్ట్రెచర్ మీదనే లోపలికి తీసుకుపోదాం, డాక్టర్ చూస్తది.”

తీసుకుపోయాం. పీజీ డాక్టర్ వెంటనే చూసింది, చెయ్యి ఎత్తమన్నది, నవ్వమన్నది, గ్లౌజు మీది టైమ్ చూసి “గుడ్” అన్నది. సీటీ రాసింది. సీటీ దగ్గర ముగ్గురు. సరే, అది వరస. కానీ నాయిన పడుకున్నది ఆసుపత్రి ట్రాలీ మీద కాదు, బండిది. చక్రాలు మడిచి బండిలోకి తోసే స్ట్రెచర్ అది. అది లేకుండా బండి కదిలితే ఇంకో రోగిని ఎక్కించడానికి ఏమీ ఉండదు. కాబట్టి స్ట్రెచర్ ఖాళీ అయ్యేదాకా ఈఎంటీ కదలడు, ఈఎంటీ లేకుండా పైలట్ కదలడు, పైలట్ లేకుండా బండి కదలదు. బయట చాయ్ తాగుతున్న ఆ పైలట్ల స్ట్రెచర్లు కొన్ని లోపల, కొన్ని బండ్లలోనే ఉన్నాయి. వాటి మీద మనుషులున్నారు.

9:05కు ఈఎంటీ ఫోన్ మోగింది. “హ్యాండోవర్ కాలె మేడమ్” అన్నాడు, అంటే రోగిని ఆసుపత్రికి అప్పజెప్పడం కాలేదని. 9:13కు మళ్లీ. ఈసారి అవతలి మాట నాకు వినపడింది, కారిడార్‌లో అంత దగ్గరగా నిలబడ్డాం. ఫతేనగర్ బ్రిడ్జి దగ్గర బైక్ పడ్డది, ఇద్దరు, ఒకరికి తలకు దెబ్బ. “మేడమ్, స్ట్రెచర్ మీద పేషెంట్ ఉన్నడు, స్ట్రోక్ కేస్.” తర్వాత కాసేపు విని, “సరే మేడమ్” అని పెట్టేశాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడం వల్లనే నాకర్థమైంది.

సాయంత్రం నాకు ఫోన్‌లో “దగ్గర బండి కేసుల ఉన్నది” అన్నారు గదా. ఆ కేసు ఇట్లనే ఎవరో, ఇట్లాంటి కారిడార్‌లో, ఎవరి నాయినో పడుకొని ఉంటాడు. ఇప్పుడు ఫతేనగర్‌లో ఎవరికో అదే మాట చెబుతున్నారు. ఆ కేసు నేను.

9:22కు మూడోసారి మోగింది, ఆయన ఎత్తలేదు. నాయిన కళ్లు తెరిచి పైకి చూస్తున్నాడు, ట్యూబులైటు చుట్టూ పురుగులు. నేను వార్డు బాయ్‌లను పట్టుకొని ట్రాలీ, ట్రాలీ అని తిరిగాను. జేబులోంచి అయిదొందల నోటు తీశాను కూడా, సిగ్గు లేకుండా రాస్తున్నా. “పైసలు కాదు సార్, బండే లేదు, ఉంటే ఇయ్యనా?” అన్నాడు ఒకాయన. ఆయన ముఖం చూస్తే నిజమనిపించింది.

9:37కు ఒకటి దొరికింది. సర్జికల్ వైపు నుంచి ఎవరినో దింపి తోసుకొచ్చారు. రాకముందే చప్పుడు వినిపించింది. కిర్రుమని లాగి, టక్కుమని ఆగి, మళ్లీ కిర్రు. షాపులో అట్లాంటి చప్పుడు వస్తే మెషిన్ ఆపేస్తాం. నాలుగు చక్రాల్లో ఒకటి తిరగట్లేదు, ఈడ్చుకొస్తోంది. నాయినను దాని మీదికి మార్చాం. ఈఎంటీ స్ట్రెచర్ మీది దుప్పటి దులిపి, చక్రాలు మడిచి, పరుగే. నమస్తే చెప్పడానికి కూడా ఆగలేదు.

హ్యాండోవర్ యాభై ఒక్క నిమిషం.

మిగతాది తొందరగా చెప్తాను. సీటీ 10:20. రక్తం కారట్లేదు, గడ్డే. బీపీ దించడానికి ఇంకో అరగంట. ఇంజెక్షన్ 11:08కి పడింది. చేతిలో ముప్పై నాలుగు నిమిషాలు మిగిలాయి. “టైమ్ కరెక్టుగా చెప్పింది మీరేనా?” అని పీజీ డాక్టర్ అడిగింది. లేత్ షాపు అని చెప్పాను. నవ్వింది. ఆమె ఆ డ్యూటీ ఎక్కి ఎన్ని గంటలైందో అడగాలనిపించింది గాని, అడగలేదు.

ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నాకు ఒకటే లెక్క. డైరీలో వేశాను కూడా. బండి ఇంటికి చేరడానికి 20 నిమిషాలు, ఎక్కించడానికి 10, ఆసుపత్రికి 35, అప్పజెప్పడానికి 15, తన పాయింట్‌కు తిరిగి పోవడానికి 20. మొత్తం 100. పన్నెండు గంటల షిఫ్టులో 720 నిమిషాలు, అంటే ఏడు కేసులు. ఇప్పుడు అప్పజెప్పే 15ను మా నాయిన 51 చేయండి. మొత్తం 136 అవుతుంది. షిఫ్టుకు అయిదు కేసులే. బండి చెడిపోలేదు, డీజిల్ అయిపోలేదు, పైలట్ నిద్రపోలేదు, అయినా ప్రతి బండికీ రెండు కేసులు గల్లంతు. ఆ రెండు కేసులు గాల్లో కలవవు, ఎక్కడో ఇంట్లో గడియారం చూస్తూ కూర్చుంటాయి.

మా షాపులో ఇది చాన్నాళ్లు పడ్డ తిప్పలే. డెలివరీ లేటవుతోందని 2016లో అప్పు చేసి రెండో లేత్ కొన్నాను. జాబ్‌లు ఇంకా లేటయ్యాయి. ఎందుకంటే అన్ని జాబ్‌లూ చివరికి ఆ ఒక్క గ్రైండర్ దగ్గరికే పోవాలి. లేత్‌లు రెండైతే గ్రైండర్ ముందు కుప్ప పెరిగింది, అంతే. కుప్పలో ముందున్న జాబ్ ట్రే కూడా ఖాళీ కాక, లేత్ దగ్గర పెట్టడానికి ట్రే లేక, లేత్‌వాడు బీడీ తాగుతూ కూర్చునేవాడు. నేను వాడిని తిట్టేవాణ్ని. పోర్టికోలో చాయ్ తాగుతున్న పైలట్లను తిట్టుకున్నట్టే.

కొత్త బండ్లకు ఎప్పుడు జెండా ఊపినా పేపర్లో ఫొటో వస్తుంది, వరసగా తెల్ల బండ్లు. మంచిదే, రావాలి. బెడ్డుకు ఎవరూ జెండా ఊపరు.

బెడ్లు రావట్లేదని కాదు. పాలమూరు నుంచి ఆదిలాబాద్ దాకా పెద్ద కేసంటే హైదరాబాదే, వచ్చినంత వేగంగా మంచాలు పెరగవు. ఉస్మానియాలో 2020 జూలై వానకు పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చి, రోగులను ఖాళీ చేయించి, ఆ భవనమే మూసేశారు. గోషామహల్‌లో రెండు వేల పడకల కొత్త ఉస్మానియాకు 2025 జనవరి 31న పునాది వేశారు. 2022 ఏప్రిల్ 26న ఒక్కరోజే అల్వాల్, ఎల్బీనగర్, సనత్‌నగర్ టిమ్స్ అనే సర్కారు పెద్దాసుపత్రులకు, ఒక్కోటి వెయ్యి పడకలు, శంకుస్థాపన జరిగింది. సనత్‌నగర్‌ది ఎర్రగడ్డలో, రాణిగంజ్ పోయినప్పుడల్లా దాని ముందు నుంచే పోతాను. పునాది గుంట నుంచి క్రేన్ల దాకా నా కళ్ల ముందే లేచింది. గ్రైండర్ ఆర్డర్ పెట్టారు, సంతోషం. అది వచ్చేదాకా కుప్ప సంగతి?

మా బామ్మర్ది ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో నర్సు. నాయిన విషయం తెలిసి రాత్రి ఫోన్ చేశాడు. నేను వాపోతుంటే, “బావా, ఇక్కడ కూడా గదే” అన్నాడు. నమ్మలేదు. అక్కడ 999కి ఫోన్ చేస్తే స్ట్రోక్, ఛాతీనొప్పి కేసులకు సగటున 18 నిమిషాల్లో చేరాలని నియమమట. 2022 డిసెంబర్‌లో ఇంగ్లండ్ మొత్తం సగటు గంటన్నర దాటింది. కారణం అడిగితే మా పోర్టికో కథే చెప్పాడు. ఆసుపత్రి బయట బండ్ల వరస, లోపల కారిడార్‌లో రోగులు. పదిహేను నిమిషాల్లో అప్పజెప్పాలన్నది అక్కడి రూలు. బెడ్లు నిండటానికి కారణం మాత్రం వేరు. జబ్బు తగ్గిన ముసలివాళ్లను ఇంటికి పంపుదామంటే ఇంటి దగ్గర చూసుకునే మనిషి ఉండడట, ఆ ఏర్పాటు అయ్యేదాకా మంచం మీదే ఉంచాలి. మన దగ్గర మంచానికి ఒక రోగి, మంచం కింద ముగ్గురు చుట్టాలు. చూసుకునేవాళ్లకు కొదవ లేదు, మంచానికే కొదవ.

లండన్ అంబులెన్స్‌వాళ్లు 2023లో ఒక నిర్ణయం తీసుకున్నారట. నలభై అయిదు నిమిషాలు చూసి, అప్పటికీ తీసుకోకపోతే రోగిని ఆసుపత్రిలోనే దింపి తర్వాతి కేసుకు పోతామని. బామ్మర్దికి అది నచ్చలేదు, నర్సు గదా, దింపిపోయిన రోగి తన నెత్తినే పడతాడు. నాకు మాత్రం సగం నచ్చింది. కుప్ప ఎవరి ముందు పడుతుందో వాళ్లే గట్టిగా అరుస్తారు, అరిస్తేనే పైవాళ్లకు వినిపిస్తుంది. ఇప్పుడు కుప్ప ఫతేనగర్ బ్రిడ్జి మీద, జగద్గిరిగుట్ట మీద పడుతోంది. అక్కణ్నుంచి అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? కానీ ఇనుప కడ్డీని కింద పడేసినట్టు మా నాయినను బెంచీ మీద పెట్టిపోతే నేను ఊరుకునేవాణ్నా? అందుకే సగం.

రెండో నెలలో ఫిజియోథెరపీకి నాయినను తీసుకుపోయినప్పుడు ర్యాంపు కింద చీకట్లో చూశాను. ట్రాలీలు. తొమ్మిది. ఒకదాని మీద ఒకటి బోర్లించి, మీద విరిగిన సెలైన్ స్టాండ్లు పెట్టి. పేషెంట్ కేర్ ఆయనను అడిగితే, “అవన్నీ కండెమ్‌కు పోవాలె సార్. కమిటీ రావాలె, రాయాలె, అప్పటిదాక ముట్టొద్దు” అన్నాడు. కండెమ్ అంటే పనికిరావని కాగితం మీద కొట్టేయడం. కొత్తవి వచ్చాయా అంటే, పాతవి కండెమ్ అయితేనే కొత్తవట.

నేను కూర్చొని ఒక చక్రం తిప్పి చూశాను. తిరగలేదు. చిన్న టార్చి వేసుకొని చూస్తే, చక్రానికీ ఫోర్క్‌కూ మధ్య వెంట్రుకలు. ఆడవాళ్ల పొడుగు వెంట్రుకలు, గాజుగుడ్డ దారాలు, ప్లాస్టర్ ముక్కలు, కుట్లేసే నల్లదారం, అన్నీ కలిసి తాడులా పేనుకొని బేరింగ్‌లోకి దిగాయి. చక్రం అరిగిపోలేదు, బిగుసుకుపోయింది. బిగుసుకున్నదాన్ని ఈడ్చి ఈడ్చి ఒకపక్క చపాతీలా చదును చేశారు. హ్యాక్సా బ్లేడు ముక్కతో కోస్తే ఆ తాడు ఉంగరంలా ఊడి వచ్చింది, చేతిలో బరువు తెలిసింది. ఎన్ని వందల మంది తలలో ఆ ఉంగరంలో.

తొమ్మిదిలో ఏడింటి ఫ్రేములు శుభ్రంగా ఉన్నాయి. వెర్నియర్ జేబులోనే ఉంటుంది నాకు, కొలిచాను. 125 మిల్లీమీటర్ల చక్రం, 12 బోల్టు, 6201 బేరింగ్. రాణిగంజ్‌లో ఏ కొట్లోనైనా దొరికే సరుకు, నా రేటుకు చక్రం మూడొందల యాభై. ఏడు ట్రాలీలకు ఇరవై ఎనిమిది, తొమ్మిది వేల ఎనిమిది వందలు.

ఆసుపత్రి పనులు చూసుకునే ఆర్‌ఎంఓ మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె నా ముఖం, నా చేతుల మీది నూనె మరకలు చూసి, “ఎందుకు చేస్తానంటున్నారు?” అన్నది. కాంట్రాక్టు అడగడానికి వచ్చాననుకుంది పాపం. చెప్పాను. “లెటర్ రాసివ్వండి.” రాశాను. పందొమ్మిది రోజులు. ట్రాలీలు గేటు దాటడానికి వీల్లేదు, గేట్ పాస్ ఎవరూ సంతకం పెట్టరు. చివరికి ఆమె ఫోన్ చేసి, “ఆదివారం వచ్చి ఇక్కడే చేసుకోండి, నేను చూడలేదనుకోండి” అన్నది.

షాపులో ఇద్దరు కుర్రాళ్లను తీసుకొని పోయాను. ఒకడిది మహబూబ్‌నగర్, ఒకడిది బీహార్. డ్రిల్లు, స్పానర్ సెట్టు పట్టుకుపోయాం. వెల్డింగ్ మెషిన్ వద్దన్నారు, సరే అని క్లాంపులతో సరిపెట్టాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మూడున్నరకు ఏడూ నిలబడ్డాయి. మిగిలిన రెండింటి నుంచి బోల్టులు పీక్కున్నాం. చూడలేదనుకోమన్న మేడమ్ రెండుసార్లు వచ్చి చూసిపోయింది. మొదటి ట్రాలీని పేషెంట్ కేర్ ఆయన ఒక్క వేలితో తోశాడు. అది చప్పుడు లేకుండా పోయి గోడకు తగిలింది. ఆయన మళ్లీ తోసి తెచ్చుకున్నాడు, మళ్లీ తోశాడు.

ఏడు ట్రాలీలతో బెడ్లు పెరగవని నాకూ తెలుసు. గ్రైండర్ గ్రైండరే. నేను చేసింది ట్రేలు, అంతే. స్ట్రెచర్ ఒక్కటి పావుగంట ముందు ఖాళీ అయితే ఒక బండి పావుగంట ముందు కదులుతుంది. ఫతేనగర్ బ్రిడ్జి మీద ఆ ఇద్దరి సంగతి ఏమైందో కనుక్కుందామని ఒకసారి అనుకున్నాను. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? ఆ దారిలో పోతే బ్రిడ్జి ఎక్కేముందు కొంచెం స్లో చేస్తాను, అంతే.

ఇంటికొచ్చేసరికి నాయిన మంచం మీద కూర్చొని కుడిచేత్తో రబ్బరు బంతి నొక్కుతున్నాడు. ఇప్పుడు మూడు వేళ్లు మడత పడుతున్నాయి, బొటనవేలు ఇంకా రాలేదు. ఏం చేసుకొచ్చానో చెప్పాను. వెంట్రుకల సంగతి, బేరింగ్ నంబరు, చదునైన చక్రాలు, అన్నీ. ఓపికగా విన్నాడు. మాట ఇంకా పూర్తిగా రాలేదు గాని ఫిట్టర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

“స్వి... స్వివెల్‌కు గ్రీజు పెట్టినవా?” అన్నాడు.

పెట్టలేదు. బేరింగ్‌లు సీల్డ్ గదా అని చక్రం వరకే చూసుకున్నాం, ఫోర్క్ తిరిగే దగ్గర పొడిగా వదిలేశాం. నాలుగు నెలల్లో మళ్లీ కిర్రుమంటాయి. మేడమ్‌కు మెసేజ్ పెట్టాను, వచ్చే ఆదివారం ఇంకోసారి చూడలేదనుకోవాలని. గ్రీజు గన్ను సంచిలో వేసి పెట్టాను.